వాపసుల మూట

ఖాసింబీ తన ఇంటి గోడతో పోట్లాడుతోంది.

"ఎర్రగడ్డలు తెమ్మంటే చామగడ్డలు తెచ్చినావు. రెండింటికీ తేడా తెలీనోడికి పెండ్లామెందుకు, ఇల్లెందుకు? ఈ పొద్దు నీకు కూడు లేదు, యాడన్నా తిను పో."

గోడలో, పాతకాలంలో దీపం పెట్టుకునే ఎత్తున, ఇత్తడి రేకు బిగించిన చిన్న గూడు ఉంది. ఆమె మాట ముగియగానే అందులో పసుపు చుక్క వెలిగింది. మాట అందిందని గుర్తు. ఆమె భర్త మౌలాలి గనిలో పని ముగించుకుని వచ్చి ఆ గూటి ముందు నిలబడేదాకా ఆ మాట అతని కోసం కాచుకుని ఉంటుంది.

ఖాసింబీ కొంగు దులుపుకుని, ఇత్తడి రేకు మీద బొటనవేలు ఆనించి, "వాపసు" అంది. చుక్క ఆరిపోయింది.

ఎదురింటి గుమ్మంలో చెప్పులు తొడుక్కుంటున్న నీలవేణి నవ్వింది. "అంతేనా? అంత తిట్టీ?"

"అంతే మా. కడుపులో మంట చల్లారింది, ఇంక ఆయనకెందుకు పాపం అవన్నీ. సాయంత్రం వచ్చి చామగడ్డల పులుసు తిని బాగుండాదంటాడు. నేనూ బాగుండాదంటా."

ఆ వీధిలో అప్పటికే నాలుగైదు గుమ్మాల దగ్గర మనుషులు గోడలకేసి మాట్లాడుతున్నారు. మాటగూళ్ళు వచ్చి ఒక తరం గడిచింది. పిలవగానే పలకాల్సిన ఫోన్లు పోయాయి. ఎవరికి చెప్పాలో వారి పేరు చెప్పి మాట ఉంచితే చాలు. ఆ మనిషి తన ఇంట్లో ఉన్నా, ఊరు కాని ఊళ్ళో ఉన్నా, ఏ గూటి ముందు నిలబడితే ఆ గూడు ముఖం గుర్తుపట్టి మాట వినిపిస్తుంది. ఒక్కసారే. విన్న మాట చెరిగిపోతుంది. ఇంకా వినని మాటను మాత్రం, అన్నవాళ్ళు బొటనవేలు ఆనించి ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చు. జనం గూళ్ళను ఇళ్ళలోకి రానిచ్చింది ఈ సదుపాయం కోసమే. నోరు జారడం అనేది లేకుండా పోయింది. అన్నదమ్ములు విడిపోవడం తగ్గిందన్నారు, కోర్టుల్లో కాపురాల తగువులు తగ్గాయన్నారు. చెవిన పడేదాకా మాట అన్నవాళ్ళదే అని బడిలో పిల్లలకు మొదటి తరగతిలోనే నేర్పేవారు.

నీలవేణి తలుపు తాళం వేసి, లోపల ఎవరూ లేని ఇంటికేసి "వెళ్ళొస్తాను" అంది. ఆ మాట ఎవరి పేరా ఉంచలేదు. అది చిన్ననాటి అలవాటు. కళింగపట్నంలో బడికి పోతూ "ఎల్తాను" అంటే, అప్ప పైడమ్మ వీధిలోంచి రెక్క పట్టుకుని వెనక్కి లాక్కొచ్చేది. "ఎల్తానంటారేటే ఎవులైనా? తిరిగి రానోళ్ళనే మాటది. కూకో." అరుగు మీద కూర్చోబెట్టి, గ్లాసుడు మంచినీళ్ళు తాగించి, "ఇప్పుడు సరిగ్గా సెప్పు" అనేది. "ఎల్లొస్తాను" అన్నాకే వదిలేది. తల్లి పోయాక నీలవేణిని పెంచింది తోడబుట్టిన ఆ అప్పే.

*

బనగానపల్లె కొఠారు ఊరి బయట, వదిలేసిన నాపరాయి గనిలో ఉంది. మనుషులు ఉంచిన మాటలు నిజానికి గోడల్లో ఉండవు. అవీ, వాటి వాపసులూ వినవలసిన మనిషి ఉండే ప్రాంతపు కొఠారులో చేరతాయి. తీరానికి కళింగపట్నం కొఠారు, సీమకు బనగానపల్లె కొఠారు, గోదావరికి ఎగువన నిర్మల్ కొఠారు. ఒకటి మునిగినా, కాలినా, దానిలోని మాటలు మరోచోట బతికి ఉండాలి. అందుకని ప్రతి కొఠారూ తన మాటలకు నకళ్ళు తీసి ఇంకో కొఠారుకి పంపుతూనే ఉంటుంది. కీడు జరిగిన రోజున ఒకచోటి పనంతా మరోచోటికి మారడాన్ని మళ్ళింపు అంటారు. నీలవేణి మళ్ళింపు అధికారి. ఇంకా జరగని కీడును ముందుగా ఊహించి, అది వచ్చేలోపు దానికి పక్కదారి వేసి ఉంచడం ఆమె పని. ఎప్పుడూ ఏదో ఒకటి జరుగుతుందని భయపడే మనసు ఆమెది. ఆ పనికి ఆ మనసే కావలసి వచ్చింది.

"మధ్యాహ్నానికి తీరం దాటుతుందంట మేడమ్," అన్నాడు ఓబులేసు, ఆమె లోపలికి రాగానే. అతను ఆమె కింద చాలాకాలంగా పనిచేస్తున్న పెద్దమనిషి. "కళింగపట్నం నెత్తి మీదనే. సముద్రం యాడుందో, మనం యాడుండామో, అయినా పొద్దున్నించీ ఈ పటం ముందర నుంచి లేచిందే లేదు."

"తీగదారి?"

"పొద్దన్నే తెగింది. ఆకాశదారి ఒకటే మిగిలింది. ఇరుకు కదా, మాటలు కిటకిటలాడతాండాయి."

ఆ ఇరుకు సంగతి వాళ్ళకు ముందే తెలుసు. మళ్ళింపు పథకం రాసుకున్నప్పుడు దాని మీదే పెద్ద చర్చ జరిగింది. తీగలు తెగి ఉపగ్రహం ద్వారా పంపాల్సి వస్తే అన్నిటికీ చోటు చాలదు. ఏది ముందు పోవాలి, ఏది వెనుక పోవాలి? మాటలు ముందు పోవాలని నీలవేణి తేల్చింది. మాట పోతే మళ్ళీ రాదు. అందులో ఒకరి మందు పేరు ఉండవచ్చు, ఒకరి ఆఖరి కబురు ఉండవచ్చు. వాపసులు మాత్రం ఒక మూటగా కట్టి, దారి ఖాళీ దొరికినప్పుడు పంపితే సరిపోతుంది.

"తిట్టి వాపసు తీసుకున్నోళ్ళ గతేంది మేడమ్?" అని ఓబులేసు ఆ రోజు అడిగాడు. "మా ఇంట్లో అయితే రోజుకు గంపెడుంటాయి. అవన్నీ మా యామె చెవినబడితే, నన్ను మీ వసారాలో పెట్టుకోవాల."

అందరూ నవ్వారు. "వాపసు కాస్త ఆలస్యంగా చేరుతుంది, అంతే కదా," అంది నీలవేణి. పథకం మీద సంతకాలు పడ్డాయి.

ఆమె తన గదిలోని గూటి ముందు నిలబడగానే అప్ప గొంతు పలికింది.

"నీలా, నానే. ధారని పంపమన్నావు. బస్సులు ఆపీసినారు. ఆపకపోయినా అది రానంతంది, నన్నొగ్గీసి. షెల్టర్ గట్టిదే, అక్కడికి పోయి కూకుంటాం. నువ్వు కంగారుపడి అన్నం మానీకు."

చుక్క ఆరింది. నీలవేణి రెండు రోజులుగా చెబుతోంది, పిల్లను పంపెయ్యమని. బస్సులు నడుస్తున్నప్పుడే చెప్పింది.

ధార నీలవేణి కూతురు. వంశధార సముద్రంలో కలిసే ఊళ్ళో పుట్టిందని పైడమ్మే ఆ పేరు పెట్టింది. బిడ్డ నెలల పిల్లగా ఉన్నప్పుడు భర్త పోయాడు. అప్పుడే పాత కొఠార్ల స్థానంలో ఈ మూడింటినీ కట్టడం మొదలైంది. ఆరు నెలలు చూడు అప్పా, వచ్చి తీసుకెళ్తాను అని నీలవేణి బిడ్డను అప్ప ఒళ్ళో పెట్టి, వెళ్ళొస్తానని చెప్పి బయలుదేరింది. నిర్మల్ నుంచి బనగానపల్లె, అక్కడి నుంచి మళ్ళీ నిర్మల్, చివరికి తిరిగి బనగానపల్లె. ఆరు నెలలు పధ్నాలుగేళ్ళయ్యాయి. ధార పైడమ్మను అమ్మ అంటుంది, నీలవేణిని పిన్ని అంటుంది. అసలు సంగతి పిల్లకు తెలుసు. తెలిసిన సంగతే, ఎవరూ నోటితో అనని సంగతి. అలాగే పైడమ్మకు కడుపు పండలేదన్న మాట కూడా ఆ ఇంట్లో ఎవరూ ఎత్తేవారు కాదు.

నీలవేణి గూటికి దగ్గరగా జరిగి అప్ప పేరు చెప్పింది.

"అప్పా, నీ కడుపున పుట్టిన పిల్లయితే ఇలా తుపాను నోట్లో కూర్చోబెట్టుకునేదానివా?"

పసుపు చుక్క వెలిగింది. ఆమె గోడకు చేయి ఆనించి నిలబడింది. ఆ మాట తన నోట వచ్చిందంటే ఆమెకే నమ్మకం కలగలేదు. కానీ అది అప్పటికప్పుడు పుట్టినది కాదని కూడా లోపల ఎక్కడో తెలుసు. వెంటనే బొటనవేలు ఆనించింది.

"వాపసు."

చుక్క ఆరింది. ఆమె నీళ్ళు తాగి, పనిలో కూర్చుంది.

పైడమ్మకు మాత్రం వాపసు లేదు. ఆమె జీడి బట్టీలో గింజలు కొట్టే పని చేస్తుంది. జీడి నూనెకు వేళ్ళ మీది గీతలన్నీ కరిగి నున్నగా అయిపోయాయి. ఆమె బొటనవేలిని ఏ గూడూ ఒప్పుకోదు. అందుకని ఏం చెప్పాలన్నా కాసేపు గూటి పక్కన నిలబడి, లోపలే అనుకుని చూసుకుని, అప్పుడు ముందుకు వస్తుంది. వేలికి బదులు వేరే గుర్తు పెట్టిద్దామని నీలవేణి ఎన్నోసార్లు అంది. "అదెందుకులే. అనకూడనిది అనకుంటే సరి" అనేది పైడమ్మ.

*

మధ్యాహ్నం దాటాక కళింగపట్నం కొఠారులో నీళ్ళు చొరబడ్డాయి. గోడ మీది పటంలో తీరం వెంబడి వెలుగుతున్న చుక్కలన్నీ ఒకేసారి ఆరిపోయాయి. తర్వాత పథకంలో రాసినట్టే ఒక్కొక్క మెట్టూ జరిగింది. నకళ్ళను లెక్కచూశారు. తీరం ప్రజల పేరా ఉన్న మాటలన్నీ భద్రంగా బనగానపల్లె చేరి ఉన్నాయి. ఎవరివి ఎవరు విన్నారో ఆ గుర్తులతో సహా. షెల్టర్లలోని గూళ్ళకు సొంత బ్యాటరీలున్నాయి. ఇక్కడ నకళ్ళ మీది ముద్ర తెరిస్తే చాలు, అక్కడ మాటలు పలుకుతాయి. ఇన్నేళ్ళూ ఊహించినది ఊహించినట్టే జరగడం చూసి, నీలవేణి పక్కన కూర్చున్న కుర్రవాళ్ళు చప్పట్లు కొట్టారు.

ఓబులేసు కొట్టలేదు. తెరకేసి వంగి చూస్తున్నాడు.

"వాపసుల మూట రాలేదు మేడమ్."

"ఏ వేళది?"

"పొద్దున్నించీ ఒక్కటి గూడా రాలేదు. దారంతా మాటలతోనే నిండిపోయింది. ఖాళీ దొరికితే గదా, మూట బయల్దేరేది. అది నీళ్ళలో ఉండాది."

పొద్దున్నించీ తీరం పొడవునా భయంలో, కంగారులో, మూటలు సర్దుకునే తొందరలో మనుషులు అనుకున్నవీ, తిట్టుకున్నవీ, శపించుకున్నవీ, ఆ వెంటనే వేలు పెట్టి వెనక్కి తీసుకున్నవీ అన్నీ ఇప్పుడు మంచి మాటల మధ్య కలిసిపోయి ఉన్నాయి. ఏది ఉంచిన మాటో, ఏది తీసేసిన మాటో చెప్పగలిగినది ఆ మూట ఒక్కటే. నకళ్ళన్నీ ఒకే ముద్ర కింద ఉంటాయి. పరాయివాళ్ళు విని ఏరడానికి వీలు లేకుండా అలా కట్టినదే. తెరిస్తే అన్నీ తెరవాలి, లేకుంటే ఏదీ లేదు.

అందులో ఆమెది కూడా ఒకటుంది. ఒక మాటకు వాపసు ఒక్కసారే కాబట్టి, మళ్ళీ వేలు ఆనించి తీయడానికీ లేదు.

"ఆపేద్దామా?" అన్నాడు ఓబులేసు నెమ్మదిగా. "నీళ్ళు తోడినాక మూట దొరకొచ్చు. ఒక నాలుగు దినాలు మాటలు రాకుంటే జనం ఓర్చుకుంటారు."

ఆమె జవాబు చెప్పేలోపే వాతావరణ కేంద్రం నుంచి కబురు వచ్చింది. తుపాను కన్ను కళింగపట్నం మీదికి చేరింది. గాలి ఒక్కసారిగా పడిపోయింది. ఎండ కూడా కాస్తోంది. తుపాను వెళ్ళిపోయిందనుకుని షెల్టర్ల తలుపులు తెరుస్తున్నారు. కన్ను దాటగానే గాలి ఎదురు దిక్కు నుంచి, మొదటిదానికంటే బలంగా కొడుతుంది. బయటికి రావద్దని అధికారులు ప్రతి మనిషి పేరా మాట ఉంచారు. ఆ మాటలన్నీ కొఠారు వాకిట్లో, పాత మాటల వెనుక వరసలో నిలబడి ఉన్నాయి. వరస తప్పించడానికి వీలు లేదు. ముందు వచ్చినది ముందు పలకాలి.

"మొగోళ్ళు కప్పులు చూసుకోనీకి, ఆడోళ్ళు మేకల కోసరం, అందరూ బయటికొస్తారు," అన్నాడు ఓబులేసు.

"తెరవడానికి సిద్ధం చెయ్యి," అంది నీలవేణి. "నేను ఇప్పుడే వస్తాను."

ఆమె తన గదిలోకి వెళ్ళి గూటి ముందు నిలబడింది. అప్ప పేరు చెప్పింది. ఇప్పుడు ఉంచిన మాట ఆ మాట తర్వాత వెళ్తుంది. అయినా వెళ్తుంది. దాని వెనకే చెవిన పడుతుంది.

"అప్పా, ముందు వినబడినది నా మాట కాదు."

చుక్క వెలిగింది. అది అబద్ధం. అప్పకు తన గొంతు తెలుసు. వేలు ఆనించింది. వాపసు.

"అప్పా, కోపంలో ఏదో అనేశాను, పట్టించుకోకు."

అదీ సరిగ్గా లేదు. కోపం కాదది. కోపమని చెబితే అప్ప నమ్ముతుంది, నమ్మి ఊరుకుంటుంది, అది ఇంకా అన్యాయం. వాపసు.

"అప్పా, నేను..."

ఆ తర్వాత ఏమనాలో ఆమెకు తెలియలేదు. ఏదో ఒక మాట ఉండాలి. పూర్వం తప్పు చేసినవాళ్ళు ఎదుటివాళ్ళను అడిగే మాట, పుస్తకాల్లో చదివింది. తన నోటితో ఎప్పుడూ ఎవరినీ అడగలేదు. అడగవలసిన అవసరం రాలేదు. ఆమె ఆలోచిస్తూ ఉండగానే, మాట ముగిసిందనుకుని గూడు చుక్క వెలిగించింది. సగం మాట. నీలవేణి కంగారుగా వేలు పెట్టింది. వాపసు.

"మేడమ్," ఓబులేసు గుమ్మంలో ఉన్నాడు. "సిద్ధం."

తర్వాత చెబుదాం, సరిగ్గా చెబుదాం అనుకుంటూ ఆమె వెళ్ళి ముద్ర తెరిచింది.

*

కళింగపట్నం షెల్టర్లో ఒక్క ప్రాణం కూడా పోలేదు. తీరమంతటా మాటలు విని జనం తలుపులు మూసుకున్నారు. రెండో గాలి ఇళ్ళ కప్పులను తీసుకుపోయింది గాని మనుషులను తీసుకుపోలేకపోయింది. బనగానపల్లె కొఠారుకి పైనుంచి ప్రశంస వచ్చింది. మళ్ళింపు పథకాన్ని మిగతా రాష్ట్రాల వాళ్ళు అడిగి తీసుకున్నారు.

ఇంకో సంగతి నెమ్మదిగా తెలిసింది. పునరావాస శిబిరాల్లో మొగుడూ పెళ్ళాలు అన్నం కోసం వేరు వేరు వరసల్లో నిలబడుతున్నారని ముందు ఒక వార్త వచ్చింది. పక్కపక్క ఇళ్ళ అన్నదమ్ములు మధ్యలో గోడ లేపుతున్నారని, కూలిన కప్పు కంటే ముందు గోడ లేపుతున్నారని ఇంకొకటి. మూట నీళ్ళలోంచి బయటపడింది, ఏ మాట వాపసు తీసుకున్నదో ఇంటింటికీ తిరిగి చెప్పారు. దాని వల్ల పెద్దగా ఏమీ మారలేదు. అన్నవాళ్ళూ విన్నవాళ్ళూ ఎదురెదురుగా కూర్చుని ఉండిపోయేవారు. అన్నవాళ్ళకు ఏం చెప్పాలో తెలిసేది కాదు. విన్నవాళ్ళకు, చెప్పినా ఏం చేయాలో తెలిసేది కాదు. ఒక తరం మొత్తం ఒకరినొకరు మన్నించవలసిన అవసరం లేకుండా పెరిగింది.

నీలవేణి అప్ప పేరా మాట ఉంచుతూనే ఉంది. బాగున్నావా, ఇల్లు బాగు చేయిస్తున్నారా, ధార ఏం చేస్తోంది. అసలు మాట రేపు సరిచేసుకుని చెబుదామనుకునేది. జవాబులు వచ్చేవి కావు.

ఒక ఆదివారం ఉదయం పైడమ్మే వచ్చింది. ధార చేతిలో రెండు సంచులున్నాయి. నీలవేణి తలుపు తీసేసరికి పైడమ్మ అరుగు మీద కూర్చుని, వేళ్ళ మీది జీడి మచ్చలను చూసుకుంటోంది.

"లోపలికి రా అప్పా."

"ఇక్కడ గాలి బాగుంది. కూకున్నాను గదా."

ధార స్తంభానికి ఆనుకుని వీధిలోకి చూస్తూ నిలబడింది. పొడుగయింది.

"బడి కూలిపోనాది," అంది పైడమ్మ. "మళ్ళా కట్టీసరికి ఏడాదవుద్దంట. దీన్ని నీ కాడ సదివించు."

"ఏడాదేనా?"

పైడమ్మ ధార చేతిలోని సంచులు తీసి గుమ్మం పక్కన పెట్టింది.

నీలవేణి అరుగు కింది మెట్టు మీద కూర్చుంది. "అప్పా, ఆ మాట నేను వెంటనే వాపసు తీసుకున్నాను. మూట రాలేదు. అందరివీ అలాగే వచ్చాయి."

"తెలుసే. పంచాయితీవోళ్ళు సెప్పినారు. మా ఈధిలో గవరయ్య పెళ్ళాం పుట్టింటికి పోనాది. ఆడు ముసలోడు, తిండి వండుకోడం రాదు." పైడమ్మ నవ్వినట్టు చేసింది. "వాపసు తీసుకున్నావు. కాదన్ను. కానీ అన్నావు గదా ముందు. అనీకముందు ఎన్నాళ్ళు దాసుకున్నావో."

"ఎన్నాళ్ళూ కాదు."

"పోనీలే."

"అప్పా, నేను..."

ఈసారి గూడు లేదు, చుక్క లేదు. అప్ప ముఖం ఎదురుగా ఉంది, వింటోంది, తొందరేమీ లేనట్టు కాచుకుని ఉంది. నీలవేణి నోరు తెరిచింది. ఆమె కుడిచేతి బొటనవేలు తనంతట తానే అరుగు రాయిని తడిమింది. అది చూసి పైడమ్మ చూపు తిప్పుకుంది.

"దాహం వేస్తంది," అంది. "మంచినీళ్ళు తే."

నీలవేణి గబగబా లోపలికి వెళ్ళింది. కుండలోంచి ముంచి, గ్లాసు తుడిచి, నింపి తెచ్చేసరికి అరుగు ఖాళీగా ఉంది. ఆటో చప్పుడు వీధి మలుపు తిరుగుతోంది. ధార స్తంభం దగ్గరే నిలబడి ఉంది. గుమ్మం పక్కన గూటిలో పసుపు చుక్క వెలుగుతోంది.

*

ఆ తర్వాత నీలవేణి ముందు గుమ్మం వైపు రావడం మానేసింది. దొడ్డి తలుపు గుండా పనికి వెళ్ళి, దొడ్డి తలుపు గుండానే వచ్చేది. కొఠారులోని గూటికి కూడా ముఖం చూపించలేదు. వినని మాట అన్నవాళ్ళదే. దాన్ని వెనక్కి తీసుకోవడానికి అప్పకు వేలు లేదని తెలుసు. తెలిసినా, వినకుండా ఉంచడం తప్ప ఆమె చేయగలిగింది లేదు.

ఎదురింట్లో ఖాసింబీ ఇప్పుడు గోడతో మాట్లాడటం లేదు. మౌలాలి మొహం మీదే అరుస్తోంది. "తీరంలో జరిగింది విన్నాక భయమేసింది మా," అంది ఒకరోజు దొడ్డి గోడ మీదుగా. "రేపు మన మూట గూడా మునిగితే? అందుకే ముందరే తిడతాండా. ఆయప్ప గూడా తిడతాండాడు. నాలుగు దినాలు మాటల్లేవు. నిన్న టీ పెట్టించినాడు." ఆమె కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

ధార ఇంట్లో తక్కువ మాట్లాడేది. పెట్టింది తినేది. ఒక సాయంత్రం ఆమె మెడ మీద ఎర్రగా దద్దుర్లు కనబడ్డాయి.

"ఏమిటిది?"

"వంకాయ పడదు నాకు."

"చెప్పొచ్చు కదా."

"అమ్మ సెప్పింది నీకు. నువ్వు వినలేదు." ధార గుమ్మం వైపు చూసింది. "ఎన్నాళ్ళు దొడ్డిదారిన తిరుగుతావు పిన్నీ?"

నీలవేణి పళ్ళెం కింద పెట్టింది. "ఏమంది? నువ్వు పక్కనే ఉన్నావు కదా."

ధార మెడ మీది దద్దుర్లు గోక్కుంది.

"షెల్టర్లో కూడా పక్కనే ఉన్నావా?"

"ఆ. నా భుజం మీద సెయ్యేసుకుని నిలబడింది. నీ మాట వచ్చింది. సెయ్యి తీసీసింది. తర్వాత బయటికి ఎల్లొద్దని ఆఫీసరు మాట వచ్చింది. దాని తర్వాత ఇంకా నీది ఏదైనా వస్తాదేమోనని అక్కడే నిలబడిపోనాది. మిగిలినోళ్ళు జరగమంటే గాని జరగలేదు."

నీలవేణి లేచింది. గుమ్మం దాటి బయటికి వచ్చి గూటి ముందు నిలబడింది. ఇన్నాళ్ళూ ఆరకుండా ఉన్న చుక్క ఒకసారి మినుకుమంది.

"నీలా, నానే. దీనికి వంకాయ పడదు, దద్దుర్లొస్తాయి. తలకి నువ్వుల నూనె రాయు. పడుకుని దుప్పటి తన్నీస్తాది, ఓపాలి లేసి సూడు. లెక్కలు బాగా సేస్తాది గాని, తప్పు పోతే ఏడుస్తాది, కసరకు. నీ పిల్లని నీ కాడ ఒప్పజెప్పినాను."

తర్వాత కాసేపు ఏమీ వినబడలేదు. అప్ప ఊపిరి మాత్రం వినబడింది. లోపలే అనుకుని, సరిచూసుకుని, నోరు విప్పే ముందు ఆమె తీసుకునే వ్యవధి అది. నీలవేణికి చిన్నప్పటి నుంచీ తెలిసిన వ్యవధి.

"ఎల్తాను."

చుక్క ఆరిపోయింది.

నీలవేణి అక్కడే నిలబడి ఉంది. చెరిగిపోయిన మాట మళ్ళీ పలకదని ఆమెకంటే బాగా తెలిసినవాళ్ళు లేరు. అయినా చాలాసేపు నిలబడింది. వీధిలో దీపాలు వెలిగాయి.

వెనుక నుంచి ధార గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చింది. నీలవేణి చేయి చాచింది. ధార ఆమెకు ఇవ్వలేదు. గ్లాసును అరుగు మీద, ఆ రోజు పైడమ్మ కూర్చున్న చోట పెట్టి, దాని పక్కన, తిరిగి రావలసినవాళ్ళ కోసం చూస్తున్నట్టు, వీధికేసి తిరిగి కూర్చుంది.